పచ్చబొట్టు గంటలో పడుతుంది, చెరగడానికి ఏడాది పడుతుంది

సైన్యంలో చేరాలనుకునే యువకులు ముందే తెలుసుకోవలసిన సంగతులు

శ్రీకాకుళం జిల్లాలో సైన్యానికి కుర్రాళ్లను పంపని ఊరు అరుదు. తెల్లవారకముందే ఊరి బయట తారు రోడ్డు మీద పరుగు సాధన చేసే యువకులు ఏ మండలంలోనైనా కనిపిస్తారు. 1.6 కిలోమీటర్ల పరుగు కోసం నెలల తరబడి చెమటోడుస్తారు. రాత పరీక్ష కోసం పుస్తకాలు కొంటారు. ఇంత చేసినవారిలో కొందరు భుజం మీదో, మెడ మీదో ఉన్న పచ్చబొట్టు దగ్గర ఆగిపోతున్నారు. తీర్థంలో సరదాగా వేయించుకున్న బొమ్మ, స్నేహితులతో పందెం కట్టి రాయించుకున్న పేరు ఉద్యోగానికి అడ్డుపడుతున్నాయి.

అప్పుడు గుర్తుకొచ్చేది లేజర్. 'ఒకసారి వెళ్తే చెరిపేస్తారట' అని ఎవరో చెబుతారు. సెల్‌ఫోనులో ప్రకటన కూడా అలాగే ఉంటుంది. ర్యాలీకి నెల ముందు అప్పు చేసి పట్నం బస్సెక్కుతారు. తీరా వెళ్లాక ఇది నెలలో తేలే పని కాదని తెలుస్తుంది. లేజర్‌తో పచ్చబొట్టు పోయే మాట నిజమే. కానీ అది నెమ్మదిగా, విడతలు విడతలుగా పోతుంది. అందరికీ పూర్తిగా పోతుందన్న హామీ లేదు. ఈ సంగతి ముందే తెలిస్తే డబ్బు, కాలం, చర్మం మూడూ దక్కుతాయి.

నిబంధన ఏం చెబుతోంది?

అన్నిటికంటే ముందు, మీ పచ్చబొట్టు చెరపవలసిన అవసరం ఉందా లేదా అన్నది చూసుకోవాలి. సైన్యంలో అన్ని పచ్చబొట్లకూ నిషేధం లేదు. ముంజేతి లోపలి వైపు, అంటే మోచేతి మడత నుంచి మణికట్టు వరకు ఉన్న శాశ్వత పచ్చబొట్టును అనుమతిస్తారు. అరచేతికి వెనుక వైపు ఉన్నా ఫర్వాలేదు. శరీరంలో మరెక్కడ ఉన్నా అంగీకరించరు. భుజం, ఛాతీ, మెడ, వీపు, పిక్క, ముంజేతి బయటి వైపు ఇవన్నీ నిషేధం కిందకే వస్తాయి. ఆచారం ప్రకారం ముఖం మీద, ఒంటి మీద పొడిపించుకునే గిరిజన తెగల వారికి మినహాయింపు ఉంది.

కేంద్ర సాయుధ పోలీసు బలగాల నియామకాల్లో నిబంధన కాస్త వేరు. అక్కడ ఎడమ ముంజేతి లోపలి వైపు, లేదా చేతి వెనుక వైపు ఉన్నవాటిని అనుమతిస్తారు. కుడి చేయి సెల్యూట్ చేసే చేయి గనుక కుడి ముంజేతి మీద ఉండకూడదు. బొమ్మ సైజు ఆ భాగంలో నాలుగో వంతు కంటే తక్కువగా ఉండాలి. దేవుడి గుర్తులు, పేర్లు అయితే ఒప్పుకుంటారు.

నిబంధనలు ఎప్పటికప్పుడు మారవచ్చు. మీరు దరఖాస్తు చేసే నోటిఫికేషన్‌లో పచ్చబొట్టు గురించి రాసిన పేరాను స్వయంగా చదవండి. అనుమతి ఉన్న చోట అమ్మ పేరో, ఆంజనేయస్వామి బొమ్మో ఉన్నందుకు కంగారుపడి వేలు ఖర్చు పెట్టనక్కరలేదు.

రంగు ఎందుకు చెరగదు?

పచ్చబొట్టు మనకు కొత్త కాదు. ఎరుకల స్త్రీలు బుట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి, సోది చెప్పి, పచ్చబొట్లు పొడిచేవారు. దీపపు మసిని ఆకు పసరుతో నూరి, సూదులతో చర్మంలోకి గుచ్చేవారు. మసి నల్లనిదే అయినా చర్మం లోతులోంచి చూస్తే పచ్చగా, నీలంగా కనిపిస్తుంది. పచ్చబొట్టు అన్న పేరు అందుకే సరిపోయింది. ఈనాటి దుకాణాల్లో సూదుల స్థానంలో కరెంటు యంత్రం వచ్చింది. మసి బదులు సీసాల్లో రంగురంగుల సిరాలు వచ్చాయి. జరిగే పని మాత్రం అదే.

మన చర్మం పై పొర నిత్యం రాలిపోతూ కొత్తగా పుడుతుంది. గోరింటాకు ఆ పై పొరకే అంటుతుంది కాబట్టి రెండు వారాల్లో పోతుంది. పచ్చబొట్టు రంగు అంతకంటే కింది పొరలో పడుతుంది. ఆ పొర అలా రాలిపోదు.

రంగు లోపల పడగానే శరీరం దానిని పరాయి వస్తువుగా గుర్తిస్తుంది. రక్షక కణాలు వచ్చి రంగు రేణువులను మింగుతాయి. చిన్న రేణువులను మోసుకుపోతాయి. పెద్దవాటిని మోయలేక అక్కడే ఉండిపోతాయి. ఆ కణం చనిపోతే దాని కడుపులోని రంగును పక్కనున్న మరో కణం మింగుతుంది. ఇలా రంగు చేతులు మారుతూ ఉన్నచోటే ఉంటుందని ఫ్రాన్స్‌లోని మార్సే నగర శాస్త్రవేత్తలు ఎలుకలపై పరిశోధించి 2018లో తెలిపారు. అమ్మమ్మ చేతి మీది పచ్చబొట్టు అరవై ఏళ్లయినా నిలిచి ఉండడానికి కారణం ఇదే.

నాటు పద్ధతులతో ముప్పు

ర్యాలీ దగ్గర పడేసరికి కొందరు ఇంటి వైద్యానికి దిగుతారు. సున్నం, సోడా కలిపి పూస్తారు. రాతి ఉప్పుతో తోముతారు. బ్యాటరీ యాసిడ్ అంటిస్తారు. కాల్చిన గరిటె పెడతారు. జీడి రసం రాస్తారు. పలాస పరిసరాల్లో జీడిపిక్కలు ఒలిచే స్త్రీల చేతులు చూసినవారికి జీడి రసం చర్మాన్ని ఏం చేస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

ఈ పద్ధతులన్నిటిలో జరిగేది ఒక్కటే. రంగుతో పాటు చర్మం కాలిపోతుంది. పుండు పడుతుంది, చీము పట్టవచ్చు. మానిన తరువాత అక్కడ గట్టి మచ్చ మిగులుతుంది. చాలాసార్లు మచ్చ కింద రంగు కూడా మిగిలే ఉంటుంది. అంటే పచ్చబొట్టూ పోలేదు, మచ్చా వచ్చింది. ఆ తరువాత లేజర్‌కు వెళ్లినా మచ్చ పట్టిన చర్మంలో పని కష్టమవుతుంది. లేజర్ రంగును తీస్తుందే గాని కాలిన మచ్చను మామూలు చర్మంగా మార్చలేదు.

దుకాణాల్లోనూ, ఫోనులోనూ అమ్మే 'పచ్చబొట్టు పోగొట్టే క్రీము'లకూ డబ్బు తగలేయవద్దు. పై పూతగా రాసే మందు రంగున్న లోతుకు చేరదు. చేరేంత ఘాటైనదైతే చర్మాన్ని కాలుస్తుంది.

లేజర్ ఏం చేస్తుంది?

లేజర్ అంటే ఒకే రంగు గల, ఒకే దిశలో పోయే బలమైన కాంతి. 1960లో అమెరికాలో థియొడోర్ మైమన్ తొలి లేజర్‌ను వెలిగించాడు. అదే దశాబ్దంలో సిన్సినాటి నగరంలోని చర్మవైద్యుడు లియోన్ గోల్డ్‌మన్ దానిని పచ్చబొట్ల మీద ప్రయోగించి చూశాడు. చుట్టూ ఉన్న చర్మం కాలకుండా రంగును మాత్రమే ఎలా కొట్టాలో 1983లో రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ అనే ఇద్దరు అమెరికా వైద్యులు సూత్రం చెప్పారు. ఇప్పటి యంత్రాలన్నీ ఆ సూత్రం మీదే నడుస్తున్నాయి.

సూత్రం తేలికే. ఎండలో తెల్ల గుడ్డకంటే నల్ల గుడ్డ ఎక్కువ వేడెక్కుతుంది. అలాగే తగిన కాంతిని ఎంచుకుంటే దానిని రంగు రేణువే ఎక్కువగా పీల్చుకుంటుంది, చర్మం తక్కువ పీల్చుకుంటుంది. ఇక రెండో సంగతి వేగం. పొయ్యిలోంచి జారిన నిప్పుకణికను ఇల్లాలు వేళ్లతో తీసి చటుక్కున లోపలికి విసిరేస్తుంది. వేడి చేతికి ఎక్కేలోపే పని అయిపోతుంది. లేజర్ కూడా అంతే. సెకనులో వంద కోట్లవ వంతు లెక్కల్లో కొలిచే కాలంలో కాంతి తగిలి ఆగిపోతుంది. పికో లేజర్ అనే కొత్త యంత్రాల్లో ఆ దెబ్బ ఇంకా పొట్టిది. ఆ కుదుపుకు రంగు రేణువు పగిలి ముక్కలవుతుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. లేజర్ రంగును ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలను బయటకు చేర్చేది మీ శరీరమే. బెల్లం దిమ్మను చీమలు కదపలేవు. దానినే పొడి చేసి చల్లితే కొద్దికొద్దిగా మోసుకుపోతాయి. రక్షక కణాలు చేసేది కూడా ఆ చీమల పనే. కొంత రంగు పక్కుతో పాటు రాలిపోతుంది. మిగిలినది శోషరస నాళాల ద్వారా కదులుతుంది. అందులో కొంత చంకల్లో, గజ్జల్లో బిళ్లలు కట్టే గ్రంథుల్లో చేరి ఉండిపోతుంది. ఈ మోత పనికి వారాలు, నెలలు పడుతుంది. డబ్బు ఎక్కువ ఇచ్చినంత మాత్రాన చీమలు తొందరపడవు.

ఏ రంగు పోతుంది, ఏది మొరాయిస్తుంది?

నల్ల రంగు అన్నిటికంటే బాగా లొంగుతుంది. నాటు సూదితో, మసితో పొడిచిన పాత పచ్చబొట్టు దుకాణంలో వేసిన దట్టమైన బొమ్మ కంటే తక్కువ విడతల్లో పోతుంది. అందులో రంగు తక్కువగా ఉండడమే కారణం. ఎరుపు కూడా బాగానే పోతుంది, కానీ దానికి వేరే కాంతి కావాలి. ఆకుపచ్చ, నీలం మొండివి. వాటికి ప్రత్యేక లేజర్లు కావాలి, అవి అన్నిచోట్లా ఉండవు. పసుపు మరీ మొండిది.

తెలుపు, చర్మం రంగు, లేత గులాబీ సిరాల విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. లేజర్ తగలగానే ఇవి నల్లగా మారే ప్రమాదం ఉంది. వాటిలో కలిపే టైటానియం, ఇనుప రసాయనాలు కాంతి తాకిడికి మారిపోవడమే ఇందుకు కారణం. పాత బొమ్మ మీద కొత్త బొమ్మ వేయించి కప్పినవారికీ కష్టమే. అక్కడ రెండు పొరల రంగు ఉంటుంది.

బొమ్మ ఉన్న చోటు కూడా లెక్కకు వస్తుంది. మెడ, ఛాతీ, వీపు పైభాగాల్లో రక్తప్రసరణ బాగుంటుంది గనుక త్వరగా పలచబడుతుంది. పిక్కలు, పాదాలు, చేతి వేళ్ల మీద ఆలస్యమవుతుంది.

ఆసుపత్రిలో ఏం జరుగుతుంది?

మొదటి రోజు వైద్యుడు పచ్చబొట్టును పరిశీలించి ఫోటో తీస్తారు. ఎప్పుడు వేయించుకున్నారు, ఎవరు వేశారు, ఏ మందులు వాడుతున్నారు, దెబ్బ తగిలితే మచ్చ ఉబ్బే గుణం ఉందా అని అడుగుతారు. ఏదీ దాచవద్దు. మంచి వైద్యుడు మొదట ఓ మూల చిన్న భాగం మీద పరీక్షగా కొట్టి, కొన్ని వారాలు ఆగి చూస్తారు.

అసలు రోజున ముందుగా తిమ్మిరి క్రీము రాసి ముప్పావు గంట, గంట సేపు ఉంచుతారు. మీ కళ్లకు, గదిలో ఉన్న ప్రతి ఒక్కరి కళ్లకు ప్రత్యేకమైన అద్దాలు పెడతారు. ఇది లాంఛనం కాదు. ఆ కాంతి కంట్లో పడితే చూపు పోవచ్చు. అద్దాలు ఇవ్వని చోట కూర్చోకుండా లేచి రావడమే మంచిది.

లేజర్ కొడుతుంటే టపటపమని శబ్దం వస్తుంది. కాగిన నూనె చుక్కలు చిట్లి పడినట్టు చురుక్కుమంటుంది. రబ్బరు బ్యాండుతో కొట్టినట్టు ఉంటుందని కొందరు అంటారు. అరచేయంత బొమ్మకు కొద్ది నిమిషాలు చాలు. కొట్టిన వెంటనే గీతలు తెల్లగా, ముగ్గుపిండి చల్లినట్టు మారతాయి. అది చూసి 'పోయింది' అని సంబరపడవద్దు. రంగు వేడెక్కినప్పుడు పుట్టిన బుడగల వల్ల అలా కనిపిస్తుంది. పావుగంట, ఇరవై నిమిషాల్లో ఆ తెలుపు పోయి బొమ్మ మళ్లీ కనిపిస్తుంది.

ఇంటికి వచ్చిన తరువాత

ఆ రోజు చర్మం ఎర్రబడి వాస్తుంది, మండుతుంది. తడి గుడ్డలో చుట్టిన మంచుగడ్డ పెట్టుకుంటే ఉపశమనం ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లో నీటి బొబ్బలు రావచ్చు. వాటిని పిన్నుతో పొడవకూడదు. తరువాత పక్కు కడుతుంది. దానిని గోకి లాగితే మచ్చ పడుతుంది. దానంతట అదే రాలనివ్వాలి. సాధారణంగా వారం, రెండు వారాల్లో మానుతుంది.

మానేవరకు వైద్యుడు ఇచ్చిన ఆయింట్‌మెంటు రాసి శుభ్రమైన గుడ్డ కట్టుకోవాలి. పసుపు, కొబ్బరినూనె, ఆకు పసరు పూయవద్దు. చెరువులో, కాలువలో, సముద్రంలో స్నానం చేయవద్దు. కోతలు, నూర్పులు, ఇటుక బట్టీ పని వంటి దుమ్ము పనులకు కొన్ని రోజులు దూరంగా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం ఎండ. చికిత్స నడిచినన్నాళ్లూ ఆ భాగానికి ఎండ తగలకుండా బట్ట కప్పుకోవాలి. ఎండలో నల్లబడిన చర్మం లేజర్ కాంతిని తానే పీల్చుకుని కాలుతుంది. పొలం పని, వేట పని చేసేవారు ఈ సంగతి వైద్యునికి ముందే చెప్పి, పనుల ఒత్తిడి తక్కువగా ఉండే రోజుల్లో చికిత్స మొదలుపెట్టడం మేలు.

నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, చీము కారినా, జ్వరం వచ్చినా ఆగకుండా వైద్యుని దగ్గరకు వెళ్లాలి.

ఎన్నిసార్లు వెళ్లాలి?

రెండు సిట్టింగుల మధ్య ఆరు నుంచి ఎనిమిది వారాల వ్యవధి ఉండాలి. అంతకంటే ఎక్కువ ఉన్నా నష్టం లేదు, మేలే. ముందు పగిలిన ముక్కలను శరీరం మోసుకుపోవడానికి, చర్మం కోలుకోవడానికి ఆ సమయం కావాలి. 'మీకు అర్జంటు కదా, పదిహేను రోజులకోసారి కొడతాం' అనేవారి మాట వింటే మిగిలేది మచ్చే.

నాటు పచ్చబొట్టు కొద్ది సిట్టింగుల్లో పోవచ్చు. దుకాణంలో వేసిన బొమ్మకు ఎనిమిది, పది సిట్టింగులు మామూలే. ఇటలీలో 352 మందికి చేసిన చికిత్సను పరిశీలించి 2012లో ప్రకటించిన ఫలితాలు ఈ విషయాన్ని స్పష్టం చేస్తాయి. పది సిట్టింగుల తరువాత విజయవంతంగా పోయింది వందలో 47 మందికి. పదిహేను సిట్టింగుల తరువాత ఆ లెక్క 75కు చేరింది. అంటే అప్పటికీ నలుగురిలో ఒకరికి పోలేదు. పొగ తాగేవారికి ఫలితం బాగా తగ్గినట్టు కూడా ఆ పరిశీలనలో తేలింది. బీడీ, సిగరెట్ అలవాటున్నవారు చికిత్సకు ముందే మానుకోవడం మంచిది. పికో లేజర్ ఉన్నచోట సిట్టింగులు కొంత తగ్గవచ్చు, ఖర్చు పెరుగుతుంది.

ఇప్పుడు లెక్క వేయండి. ఎనిమిది వారాలకొకసారి చొప్పున ఎనిమిది సిట్టింగులకు 56 వారాలు, అంటే 13 నెలలు పడుతుంది. పది సిట్టింగులకు 72 వారాలు, దాదాపు ఏడాదిన్నర. పదిహేనుకు 112 వారాలు, అంటే రెండేళ్లు దాటుతుంది. సైన్యంలో చేరడానికి వయసు హద్దు ఉంది. పందొమ్మిదో ఏట మొదలుపెట్టినవాడికి అవకాశం ఉంటుంది. హద్దుకు ఆరు నెలల ముందు మొదలుపెట్టినవాడికి డబ్బు పోవడమే మిగలవచ్చు. సగం చెరిగి బూడిద రంగులో మిగిలిన గీత తనిఖీ చేసేవారి కంటికి కనిపిస్తుందని కూడా గుర్తుంచుకోవాలి.

మన చర్మానికి ఉండే ముప్పు

చామనఛాయ, నలుపు చర్మంలో సహజంగానే రంగు ఎక్కువ. లేజర్ ఆ సహజ రంగును కూడా తాకుతుంది. అందువల్ల ఆ చోట తెల్ల మచ్చ పడవచ్చు, లేదా చుట్టుపక్కల కంటే నల్లబడవచ్చు. చాలావరకు ఇవి కొన్ని నెలల్లో సర్దుకుంటాయి. కొందరికి తెల్ల మచ్చ అలాగే ఉండిపోతుంది. మన చర్మానికి 1064 నానోమీటర్ల కాంతినిచ్చే ఎన్‌డీ-యాగ్ లేజర్ మిగిలినవాటి కంటే సురక్షితమని వైద్యులు చెబుతారు. అది చర్మం పై రంగును తక్కువగా తాకి లోతుకు పోతుంది, నలుపు మీద బాగా పనిచేస్తుంది.

చిన్న దెబ్బకే మచ్చ ఉబ్బి గట్టిపడి పెరిగే గుణం కొందరికి ఉంటుంది. దీనిని కెలాయిడ్ అంటారు. ఛాతీ, భుజాల మీద ఇది ఎక్కువ. చెవులు కుట్టించినచోట, టీకా వేసినచోట అలా పెరిగినవారు తప్పక చెప్పాలి. గర్భిణులు చికిత్సను ప్రసవం తరువాతకు వాయిదా వేసుకోవాలి. ఆ చోట పుండు, దద్దురు, గజ్జి ఉన్నవారు అది తగ్గేవరకు ఆగాలి. కీళ్లవాతానికి బంగారం కలిసిన మందు ఎప్పుడైనా వాడినవారికి లేజర్ తగిలితే చర్మం నీలంగా మారే ప్రమాదం ఉంది. మొటిమల మాత్రలు వాడుతున్నవారు కూడా ఆ సంగతి చెప్పాలి. పచ్చబొట్టు మీద పుట్టుమచ్చ ఉంటే దానిపై లేజర్ కొట్టకూడదు, ముందు వైద్యుడు పరీక్షించాలి.

డబ్బు కట్టే ముందు అడగండి

అందాల దుకాణంలోనో, పచ్చబొట్టు వేసిన దుకాణంలోనో లేజర్ చేయించుకోవద్దు. యంత్రం ఒకటే అయినా చేయి ముఖ్యం. చర్మవ్యాధుల్లో పట్టా ఉన్న వైద్యుని దగ్గరకే వెళ్లండి. శ్రీకాకుళం రిమ్స్‌లోనూ, విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రిలోనూ చర్మవ్యాధుల విభాగాలు ఉన్నాయి. మొదట అక్కడ ఓపీలో చూపించుకుని, మీ పచ్చబొట్టు పోయే రకమా కాదా, లేజర్ ఎక్కడ చేస్తారు అన్నది కనుక్కుంటే ప్రైవేటుకు వెళ్లినా మోసపోరు.

వెళ్లినచోట ఈ ప్రశ్నలు అడగండి. లేజర్ కొట్టేది వైద్యుడా, సహాయకుడా? యంత్రం ఏ రకం? నా రంగు చర్మానికి సరిపోతుందా? ముందు పరీక్షగా చిన్న చోట కొట్టి చూపిస్తారా? ఎన్ని సిట్టింగులు అవుతాయని అంచనా? ఒక్కో సిట్టింగుకు ఎంత? క్రీము, ఆయింట్‌మెంటు ఖర్చు అందులోనే ఉందా? పూర్తిగా పోకపోతే ఎంత మిగలవచ్చు?

'వంద శాతం గ్యారంటీ', 'ఒక్క సిట్టింగులో మాయం' అనేచోట ఆగవద్దు. నిజం తెలిసిన వైద్యుడెవరూ ఆ మాట అనరు. అన్ని సిట్టింగుల డబ్బూ ఒకేసారి కట్టవద్దు. రెండు, మూడు సిట్టింగులయ్యాక పాత ఫోటోతో పోల్చి, పలచబడుతోందని చూసుకుని ముందుకు వెళ్లండి. లేజర్ ఫీజు ఒక్కటే ఖర్చు కాదు. ఇచ్ఛాపురం నుంచో, మందస నుంచో విశాఖ వెళ్లి రావడానికి ప్రతిసారీ ఒక రోజు కూలి, దారి ఖర్చు పోతాయి. పది సిట్టింగులంటే పది ప్రయాణాలు. ఇవన్నీ కలిపి కాగితం మీద రాసుకుని ఇంట్లో పెద్దలతో మాట్లాడిన తరువాతే మొదలుపెట్టాలి.

ఉద్యోగం కోసం కాక, ఒకప్పటి పేరును చెరిపించుకోవాలని వచ్చేవారూ ఉంటారు. వీరిలో పెళ్లి కుదిరిన ఆడపిల్లలు ఉంటారు, విడిపోయిన భార్యాభర్తలు ఉంటారు. ముహూర్తం నెలలో ఉందని తొందరపడితే పుండుతో పీటల మీద కూర్చోవలసి వస్తుంది. వీరికి వయసు హద్దు లేదు కాబట్టి నిదానంగా చేయించుకోవచ్చు. ఇంట్లోవారు కూడా ఆ పేరును పట్టుకుని సాధించకుండా, తొందరపెట్టకుండా ఉంటే సున్నం, యాసిడ్ జోలికి ఎవరూ పోరు.

ఇంకా వేయించుకోనివారికి

తీర్థాల్లో, జాతరల్లో చెట్టు కింద యంత్రం పెట్టి అందరికీ ఒకే సూదితో పొడిచేవారు ఇంకా ఉన్నారు. ఆ సూది వల్ల ఒకరి రక్తం మరొకరికి అంటుతుంది. హెపటైటిస్-బి, హెపటైటిస్-సి కామెర్లు, ఎయిడ్స్ వైరస్ ఆ దారిన రావచ్చు. లేజర్ పచ్చబొట్టును చెరపగలదేమో గాని ఈ జబ్బులను చెరపలేదు. అక్కడ పొడిపించుకున్నవారు ఒకసారి ప్రభుత్వాసుపత్రిలో రక్త పరీక్ష చేయించుకోవడం మంచిది.

పచ్చబొట్టు వేయించుకోవాలా వద్దా అన్నది ఎవరి ఇష్టం వారిది. సైన్యం, పోలీసు ఉద్యోగాల మీద ఆశ ఉన్న పిల్లలు మాత్రం ఆ ఆశ తీరేదాకా ఆగితే మంచిది. ఇప్పటికే వేయించుకుని, అది అనుమతి లేని చోట ఉంటే నోటిఫికేషన్ పడేదాకా చూడవద్దు. పరుగు సాధన మొదలుపెట్టిన నాడే చర్మవైద్యుని దగ్గరకు కూడా వెళ్లండి. ఏడాది ముందు మొదలుపెట్టినవారికి లేజర్ పనికొస్తుంది. నెల ముందు పరుగెత్తినవారికి అది చేయగలిగింది చాలా తక్కువ.